తొలి మంచులో కాలు నిలవాలంటే: కాటూలా మైక్రోస్పైక్స్ రివ్యూ

చలికాలం ముందు ట్రెక్కుకి వెళ్లేవాళ్లు డబ్బంతా జాకెట్ మీదే పెడతారు. చలి గురించి ఆలోచించినంతగా జారడం గురించి ఆలోచించరు. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా హిమాలయాల్లో పడే తొలి మంచు, నడి జనవరి మంచులాంటిది కాదు. నాలుగు వేళ్ల మందాన పడుతుంది. మధ్యాహ్నం ఎండకి సగం కరుగుతుంది. ఆ నీళ్లు రాళ్ల మీద, గడ్డి మీద పారి రాత్రికి గడ్డకడతాయి. తెల్లవారుజామున దాని మీద అడుగు వేస్తే నూనె ఒలికిన గచ్చు మీద వేసినట్టే. లోతు మంచులో పడితే ఒళ్లు మెత్తగా ఆనుతుంది. ఇక్కడ పడితే కింద బండరాయి ఉంటుంది. మణికట్లు విరిగేది, మోకాళ్లు మెలిపడేది ఎక్కువగా ఇలాంటి పలచని మంచులోనే.

అందుకే తొలి మంచు కోసం కొత్తగా ఒక్క వస్తువే కొనగలిగితే, బూటు కింద తొడిగే స్పైక్స్ కొనమంటాం. మార్కెట్లో రకరకాలవి ఉన్నాయి. ఇక్కడ ప్రధానంగా చూస్తున్నది అమెరికాలోని అరిజోనాకు చెందిన కాటూలా కంపెనీ మైక్రోస్పైక్స్. దారి పొడవునా వాటితో పాటు ఉండాల్సిన గెయిటర్లు (మంచు బూటులోకి పడకుండా కాలికి చుట్టే తొడుగులు), బూట్ల సంగతి కూడా చెప్పాలి. ఒకటి లేకుండా ఇంకోటి పనిచేయదు.

వస్తువు ఎలా ఉంటుంది

బూటు చుట్టూ బిగిసి కూర్చునే ఒక రబ్బరు పట్టీ. దానికి వేలాడే స్టెయిన్‌లెస్ స్టీలు గొలుసులు. గొలుసులకి అమర్చిన మేకులు. ఒక్కో పాదానికి 12 మేకులు. ముందరి పాదం కింద 8, మడమ కింద 4. మేకు పొడవు ఒక సెంటీమీటరుకి కాస్త తక్కువ. మీడియం సైజు జత బరువు సుమారు 340 గ్రాములు, అంటే నీళ్లు పోసిన చిన్న బాటిల్ కన్నా తక్కువే. ఈ రబ్బరు మైనస్ 30 డిగ్రీల దాకా బిరుసెక్కదని కంపెనీ చెబుతుంది. తొలి మంచు సీజన్లో మన ట్రెక్కు దారుల మీద అంత చలి రాదు కాబట్టి ఆ విషయంలో దిగులు లేదు.

దీని విలువంతా రెండు చోట్ల ఉంది. ఒకటి గొలుసు. లింకులు వెల్డింగ్ చేసినవి. చవక రకాల్లో తీగని వంచి మూసిన లింకులుంటాయి. రాయి మీద బరువు పడగానే ఆ మూత విచ్చుకుంటుంది. రెండోది రబ్బరుకి గొలుసు తగిలే రంధ్రం. లాగుడంతా అక్కడే పడుతుంది, చిరుగుడు మొదలయ్యేదీ అక్కడే. కాటూలాలో ఈ రంధ్రాల అంచుల్ని గట్టిపరిచారు. ఏ కంపెనీది కొన్నా ముందు ఈ రెండు చోట్లే చూడండి. మేకుల లెక్క ఆ తర్వాత. ఆన్‌లైన్‌లో "24 పళ్లు" అని పెద్దక్షరాలతో అమ్మేవి చాలా ఉన్నాయి. మేకులు ఎక్కువై పొట్టిగా ఉంటే బరువు అన్నిటి మీదా చీలిపోయి ఒక్కటీ గట్టి మంచులోకి దిగదు.

తొడగడం

ఇంట్లో ఐదారుసార్లు తొడిగి, తీసి చూసుకోవాలి. చేతి గ్లవుజులు వేసుకుని మరీ. మంచులో మొదటిసారి ప్రయత్నిస్తే వేళ్లు కొంకర్లు పోతాయి.

చదునైన చోట బండ మీద కూర్చోండి. రబ్బరు పట్టీ ముందు భాగాన్ని బూటు మొన మీదికి ఎక్కించండి. వెనక పైకి పొడుచుకొచ్చిన నాలుకలాంటి భాగాన్ని పట్టుకుని, మడమ కిందుగా సాగదీసి పైకి లాగండి. లేచి నిలబడి నాలుగడుగులు వేసి మళ్లీ చూడండి. గొలుసులు అడుగున సమంగా పరుచుకోవాలి, ఒక పక్కకి పోగుపడకూడదు. రబ్బరు బూటు అంచుకి చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక వైపు కిందికి జారి ఉంటే, పక్కవాలు దారిలో మొత్తం తిరిగిపోయి మేకులు బూటు పక్కకి వస్తాయి. చాలా జారుళ్లకి మూలం ఇదే. స్పైక్స్ ఉన్నాయన్న ధీమాతో కాలు వేస్తారు, ఆ కాలి కింద అవి ఉండవు.

సైజు ఎంచుకునేటప్పుడు మీ షూ నంబరు ఒక్కటే చూడొద్దు. ట్రెక్కింగ్ బూటు అడుగు మామూలు షూ కన్నా వెడల్పు. బూటు పట్టుకెళ్లి తొడిగి చూసి కొనడం ఉత్తమం. వదులైతే ఊడుతుంది, బిగువైతే ఇంకో చిక్కు. మొన మెత్తగా ఉండే రన్నింగ్ షూ మీద ఈ రబ్బరు కాలివేళ్లని నొక్కేస్తుంది. రక్తం ఆడక వేళ్లు చల్లబడతాయి. అరగంట తర్వాత వేళ్లు తెలియకపోతే సాక్సుని తిట్టుకుంటారు గానీ, తప్పు మెత్తటి షూది. ముందు భాగం గట్టిగా ఉన్న బూటుతోనే ఈ వస్తువు పూర్తిగా పనికొస్తుంది.

ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది

జనం నడిచి తొక్కిన మంచు రాత్రికి గడ్డకట్టిన దారి. దీనికోసమే పుట్టినట్టు ఉంటాయి మైక్రోస్పైక్స్. ఉత్తరాఖండ్‌లో సాంక్రీ నుంచి ఎక్కే కేదార్‌కంఠ దీనికి మంచి ఉదాహరణ. సాంక్రీ సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటే శిఖరం 3,810 మీటర్లు. శిఖరం ఎక్కే రోజు జట్లన్నీ తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే బయల్దేరతాయి. అంతకు ముందు రోజు వందల బూట్లు నొక్కిన మంచు అప్పటికి అద్దంలా ఉంటుంది. స్పైక్స్ ఉన్నవాళ్లు మామూలు నడక నడుస్తారు, లేనివాళ్లు కర్రల మీద వేలాడుతూ వెళతారు. ఒక అర మీటరు వెడల్పు గడ్డకట్టిన వాగు దాటాలన్నా, నీడపట్టున మంచు కరగని మలుపు తిరగాలన్నా ఇవే దిక్కు.

మోచేయి లోతు కొత్త మంచు పడి ఉంటే ఇవి దండగ. కాలు దిగిపోతుంది తప్ప మేకుకి పట్టు దొరకదు. వాలు గడ్డి మీద రెండంగుళాల తడి మంచు పడితే ఇంకా ప్రమాదం. మేకు మంచులోనే ఆగిపోతుంది, ఆ మంచు మొత్తం గడ్డి మీద నుంచి జారుతుంది. అలాంటి వాలుని ఎండెక్కే ముందే దాటాలి, లేదా చుట్టూ తిరిగి వెళ్లాలి.

ఇక నిటారు వాలు. సుమారు 25 డిగ్రీలు దాటిన గట్టి మంచు మీద, కింద ఆగేందుకు చోటు లేకపోతే మైక్రోస్పైక్స్ నమ్ముకోవద్దు. సెంటీమీటరు మేకు, సాగే రబ్బరు కలిసి శరీరం బరువుని వాలు మీద ఆపలేవు. పక్కకి ఒత్తిడి పడగానే బూటు రబ్బరులోనే తిరుగుతుంది. అక్కడ కావలసింది గట్టి ఫ్రేము ఉన్న క్రాంపాన్లు (బూటు కింద బిగించే పొడుగు పళ్ల ఇనుప చట్రాలు), చేతిలో ఐస్ యాక్స్ అనే మంచు గొడ్డలి, రెండూ వాడటం నేర్పిన మనిషి. స్పైక్స్ ఉన్నాయి కదా అని వాలు ఎక్కేసి, దిగలేక నిలబడిపోవడం తొలి మంచులో తరచూ చూసే సంగతి. ఎక్కే ముందే "దీన్నే దిగగలనా" అని చూసుకోవాలి.

దిగేటప్పుడు ఒక్క కిటుకు చాలా పనిచేస్తుంది. మడమ కింద నాలుగే మేకులున్నాయని పైన చెప్పుకున్నాం. మనకి దిగేటప్పుడు మడమ మోపడం అలవాటు. అంటే పన్నెండు మేకుల్లో ఎనిమిది గాల్లో ఉంటాయి. మోకాళ్లు కొంచెం వంచి, చిన్న అడుగులతో, అరికాలు మొత్తం ఒకేసారి ఆనేలా వేయండి. వెనక్కి వాలకండి. భయానికి వెనక్కి వాలితే కాళ్లు ముందుకి జారిపోతాయి.

మంచు ముద్దలు కట్టడం

ఈ వస్తువు మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే, అది నిజం కూడా. ఉదయం పది దాటి ఎండ తగిలాక మంచు తడిసి, గొలుసుల మధ్య అతుక్కుని ముద్ద కడుతుంది. నాలుగు అడుగుల్లో కొబ్బరికాయంత అవుతుంది. మేకులు ఆ ముద్దలో మునిగిపోతాయి, మీరు మంచు బంతి మీద నడుస్తున్నట్టు అవుతుంది. గొలుసు రకాలన్నిటికీ ఈ జబ్బు ఉంది, కాటూలాకీ ఉంది. రెండు మూడు అడుగులకోసారి ట్రెక్కింగ్ కర్రతో బూటు పక్కన ఒక దెబ్బ కొట్టి రాల్చుకోవడమే మందు. ముద్దలు వరసగా కడుతున్నాయంటే మంచు మెత్తబడిందని అర్థం. అప్పుడు వాలు మరీ లేకపోతే స్పైక్స్ తీసేసి నడవడమే మేలు.

రాళ్లు, సిమెంటు దారి వచ్చినా తీసేయాలి. తొలి మంచులో ఈ బెడద ఎక్కువ. పది గజాల మంచు, ఇరవై గజాల రాయి, మళ్లీ మంచు. తీసి తొడగడానికి బద్ధకించి రాళ్ల మీదే నడిస్తే మేకులు రెండు ట్రెక్కుల్లో మొద్దుబారతాయి. పైగా బండ మీద స్టీలు జారుతుంది. అటూ ఇటూ కాని దారిలో ఒక అంచనా పెట్టుకోండి. ముందు ఐదు నిమిషాల నడకలో సగం పైగా మంచే ఉంటే ఉంచండి, లేకపోతే తీయండి.

గెయిటర్లు, బూట్లు

స్పైక్స్ జారకుండా చూస్తాయి, తడవకుండా చూడవు. తొలి మంచు తడి మంచు. బూటు ఎంత వాటర్‌ప్రూఫ్ అయినా పై నుంచి, చీలమండ దగ్గర నుంచి మంచు లోపలికి పడి కరిగితే ఆ నీళ్లు బయటికి పోయే దారి ఉండదు. మోకాలి కింద వరకూ వచ్చే గెయిటర్లు అందుకే.

తొడిగే వరస ముఖ్యం. ముందు బూటు, దాని మీద గెయిటరు, చివరికి స్పైక్స్. గెయిటరు బకిల్ కాలి బయటి వైపు ఉండాలి. లోపలి వైపు ఉంటే రెండో కాలి మేకులు తగులుతాయి. ముందున్న కొక్కెం బూటు లేసుకి తగిలించాలి. అడుగున పోయే పట్టీ మేకులకి చిక్కకుండా, ముందరి గొలుసుకీ మడమ గొలుసుకీ మధ్యన పడేలా సర్దుకోండి. ఆ పట్టీయే ముందు అరుగుతుంది. పల్చటి నైలాన్ తాడు ఒక మీటరు బ్యాగులో ఉంటే తెగినప్పుడు అదే పట్టీ అవుతుంది. అడుగులు మామూలుకన్నా ఒక బెత్తెడు ఎడంగా వేయాలి, లేకపోతే ఒక కాలి మేకులు రెండో కాలి గెయిటరు లోపలి వైపు చీరేస్తాయి. అద్దెకిచ్చే గెయిటర్లు తిరగేసి చూడండి, మడమ పైన లోపలి వైపు వరసగా చీలికలు కనిపిస్తాయి.

సాక్సులు ఉన్నివి మూడు జతలు. రెండు నడకకి, ఒకటి రాత్రి స్లీపింగ్ బ్యాగులో మాత్రమే, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తడి బూటులో వేయొద్దు. నూలు సాక్సులు వద్దు, తడిస్తే ఆరవు. రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసి బూటు బిగిస్తే వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు. కాలివేళ్లు ఆడించగలిగేంత చోటు ఉంటేనే వెచ్చదనం. రాత్రి బూట్లు టెంటు బయట వదిలితే తెల్లారేసరికి చెక్కల్లా బిగుస్తాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి స్లీపింగ్ బ్యాగు కాళ్ల దగ్గర ఉంచుకోండి. కర్రల చివర చిన్న చక్రాలు తీసేసి వెడల్పాటివి బిగించాలి, చిన్నవైతే కర్ర మంచులో పిడి దాకా దిగుతుంది.

మిగతా సరంజామాలో తొలి మంచు వల్ల మారేవి రెండే. ఒకటి గ్యాసు. ఉత్త బ్యూటేన్ సముద్రమట్టం దగ్గర మైనస్ 0.5 డిగ్రీల దగ్గర ఆవిరి కావడం ఆగిపోతుంది. ఎత్తులో కొంత నయమే అయినా తెల్లవారుజామున మంట నీరసంగా వస్తుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బా తీసుకోండి, రాత్రి దాన్ని కూడా పక్కలో పెట్టుకోండి. రెండోది నీళ్లు. పైపుతో తాగే సంచుల్లో పైపు గడ్డకడుతుంది. మామూలు బాటిల్ మేలు. రాత్రి తలకిందులుగా పెడితే మూత దగ్గర కాకుండా అడుగున గడ్డకడుతుంది.

వేరే రకాలతో పోలిస్తే

హిల్‌సౌండ్ వాళ్ల ట్రైల్ క్రాంపాన్ అనే రకంలో 11 మేకులు, ఒక్కోటి 1.7 సెంటీమీటర్ల దాకా. మెత్తటి మంచులో కాటూలా కన్నా బాగా దిగుతుంది. పాదం మీదుగా పోయే వెల్‌క్రో పట్టీ వల్ల పక్కకి తిరగదు. కానీ బరువు ఎక్కువ, మేకులు కార్బన్ స్టీలువి కాబట్టి ఆరబెట్టకపోతే తుప్పు పడతాయి. రాయీ మంచూ కలిసిన దారిలో పొడుగు మేకు మీద నడక ఎత్తు చెప్పుల మీద నడిచినట్టు ఉంటుంది, చీలమండ మెలిపడుతుంది. తొలి మంచుకి కాటూలా పొట్టి మేకులే నయం. ఫిబ్రవరి, మార్చి మంచుకి హిల్‌సౌండ్.

ఇక్కడి ఆన్‌లైన్ దుకాణాల్లో దొరికే చవక రకాలు ఒకటి రెండు చిన్న ట్రెక్కులకి సరిపోతాయి. వాటితో కచ్చితంగా ఒక మరమ్మతు సంచి ఉండాలి. సెంట్రింగ్ పనుల్లో వాడే బైండింగ్ వైరు రెండు మీటర్లు, కేబుల్ టైలు పది, చిన్న కటింగ్ ప్లేయరు. లింకు విచ్చుకుంటే వైరు మూడు చుట్లు తిప్పి మెలేయండి. మెలి కొస బూటు వైపు రాకుండా కిందికి వంచండి. రబ్బరు తెగితే కేబుల్ టైతో పాదం మీదుగా కట్టి కిందికి దిగిపోవచ్చు. పైకి మాత్రం వెళ్లొద్దు.

అమెరికాలో మైక్రోస్పైక్స్ ధర 70, 80 డాలర్ల మధ్య ఉంటుంది. ఇక్కడ దిగుమతి సరుకు కాబట్టి ఇంకా ఎక్కువ పడుతుంది. అక్కడి నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించుకోవడమే చాలామంది చేసేది. సైజు ముందే తేల్చుకుని చెప్పండి, మార్చుకోవడం కుదరదు. ఏడాదికో ట్రెక్కు మాత్రమే అయితే సాంక్రీ, మనాలీ లాంటి చోట్ల అద్దెకి తీసుకోవడమే లాభం. కానీ చూసి తీసుకోండి. రబ్బరుని రెండు చేతులతో సాగదీస్తే తెల్లటి గీతలు కనిపిస్తే అది చిరగడానికి సిద్ధంగా ఉన్నట్టే. గొలుసు తగిలే ప్రతి రంధ్రం వేలితో తడమండి. మేకు కొసని బొటనవేలి గోరు మీద ఆనించి లాగండి. గీరితే పదును ఉన్నట్టు, జారితే లేనట్టు. ముందు రోజు సాయంత్రమే తీసుకుని మీ బూటు మీద తొడిగి చూడండి. తెల్లవారి జీపు ఎక్కే హడావుడిలో తీసుకుంటే చేతికొచ్చిందే గతి.

హైదరాబాద్, విజయవాడ నుంచి విమానంలో వెళ్లేవాళ్లు స్పైక్స్ చెకిన్ బ్యాగులో వేయాలి, చేతి సంచిలో వద్దు. గ్యాసు డబ్బాలు రెండిట్లోనూ వేయకూడదు, దిగిన ఊళ్లో కొనుక్కోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్టోబరులో ఆకులు పసుపు రంగుకి తిరిగిన లార్చ్ చెట్ల కోసం వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎన్‌చాంట్‌మెంట్స్ అనే కొండ ప్రాంతం వైపు వెళుతుంటారు. అక్కడి ఆస్గార్డ్ కనుమ మైలు కూడా లేని దూరంలో దాదాపు 2,000 అడుగులు లేస్తుంది. తొలి మంచు గడ్డకట్టిన రోజున అది మైక్రోస్పైక్స్ పరిధి దాటిన వాలు. కొంతమంది జారుకుంటూ దిగారని చూసి ధైర్యపడొద్దు.

స్పైక్స్ ఆదుకోలేని మంచు

2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ మనకి చెట్లు కూలిన, కరెంటు లేని రోజులుగా గుర్తు. ఆ తుపాను శేషమే రెండు రోజుల తర్వాత, 14వ తేదీన, నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతం మీద భారీ మంచుగా కురిసింది. 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దగ్గరా ఆ చుట్టుపక్కలా మంచు తుపానులో, మంచు చరియలు విరిగిపడి కనీసం 43 మంది చనిపోయారు. ట్రెక్కింగ్‌కి ఏడాదిలో అన్నిటికన్నా మంచి కాలమని పేరున్న నెల అది. అంత మంచులో దారి కనపడదు, కాలి కింద ఏముందన్నది రెండో సంగతి.

కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో నేపాల్, సిక్కిం, ఉత్తరాఖండ్ వెళ్లేవాళ్లు కొండ మీది వాతావరణం ఒక్కటే చూస్తే చాలదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందా, అది తీరం దాటాక ఉత్తరానికి మళ్లుతుందా అని కూడా భారత వాతావరణ శాఖ బులెటిన్లలో చూసుకోవాలి. ఆ రెండు మూడు రోజులు కనుమ కింద ఊళ్లోనే ఆగిపోవాలి. ట్రెక్కు ప్రణాళికలో రెండు రోజులు ఖాళీగా పెట్టుకుంటేనే ఇది సాధ్యం. తిరుగు టికెట్టు బిగించి పెట్టుకున్నవాళ్లే వాతావరణం బాగోకపోయినా కనుమ ఎక్కుతారు.

ట్రెక్కు అయ్యాక

స్పైక్స్ తడిగా సంచిలో మూటకట్టి మూలన పడేస్తే వచ్చే ఏడాదికి రబ్బరు జిగటగా మారుతుంది. మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలోనో హీటరు దగ్గరో పెట్టొద్దు. మొద్దుబారిన మేకులకి ఆకురాయి చేత్తో పట్టి, అంచు నుంచి కొస వైపు నాలుగైదుసార్లు రాస్తే చాలు. గ్రైండర్ మీద పెట్టిస్తే వేడికి స్టీలు పదును పోతుంది, తర్వాత ఎంత రాసినా నిలవదు. మేకు సగానికి సగం అరిగిపోతే ఇక రాయడం మానేసి కొత్తవి చూసుకోండి. కాటూలాకి రెండేళ్ల వారంటీ ఉంది కానీ మేకుల అరుగుదల దాని కిందికి రాదు. మళ్లీ బయల్దేరడానికి నెల ముందే తీసి, బూటు మీద తొడిగి, రబ్బరుని సాగదీసి ఆ తెల్లటి గీతల కోసం ఒకసారి వెతకండి.